స్టేజీ దిగిన ఒడ్డాణం

పోయిన నెల ఈ పేజీలో ఓ మాట అనేసి ఊరుకున్నాను. నాట్యం నేర్చుకున్న పిల్లలు వేదిక మీది నగా నట్రా మామూలు రోజుల్లో పెట్టుకుంటే నాకు ముచ్చటగానే ఉంటుంది అని. ఆ ఒక్క మాటకి 40 పైచిలుకు ఉత్తరాలొచ్చాయి. చీర ఫాల్ గురించీ, రవికె చంకల దగ్గర పట్టెయ్యడం గురించీ ఇన్నేళ్ళుగా రాస్తున్నాను గానీ ఇంత వేడి ఎప్పుడూ చూడలేదు. అందుకని ఈ నెల హుక్కులూ, జరీ మరకలూ పక్కనబెట్టి వీటికే జవాబులు.

కొత్తగా చదివేవాళ్ళకి నా సంగతి. 31వ ఏడు దాకా కూచిపూడి ఆడాను. మోకాలు మొరాయించాక విజయవాడ సత్యనారాయణపురంలో రెండు మిషన్లు వేసుకుని డాన్సు డ్రెస్సులు కుట్టడం మొదలుపెట్టాను. 33 ఏళ్ళయింది. కాబట్టి నేను మాట్లాడేది శాస్త్రం తరఫున కాదు, కత్తెర తరఫున.

ప్రశ్న: అమ్మా, నాకు 27 ఏళ్ళు. గచ్చిబౌలిలో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం. పదేళ్ళు కూచిపూడి నేర్చుకుని, ఉద్యోగంలో చేరాక మానేశాను. డాన్సుకి పెట్టుకునే నగల టెంపుల్ సెట్ మొత్తం బీరువాలో పడుంది. మొన్న దీపావళికి ఆఫీసుకి కుర్తా మీద హారం, జుమకాలు, వంకీ పెట్టుకెళ్తే మా టీమ్‌లో ఒకబ్బాయి "ఇవాళ ప్రోగ్రామ్ ఎక్కడండీ?" అన్నాడు. అందరూ నవ్వారు. ఆ సెట్లో బయటికి ఏవి పెట్టుకోవచ్చు?
– ఎస్.కె., హైదరాబాదు

జవాబు: ఆ అబ్బాయి మీద నాకు కోపం రావడం లేదు తల్లీ. నువ్వు మూడూ ఒకేసారి పెట్టావు. ఒకటి పెడితే నగ, మూడు పెడితే వేషం.

స్టేజీ నగ చేసేవాడు చూసేవాళ్ళ దూరం లెక్కగట్టి చేస్తాడు. తుమ్మలపల్లి కళాక్షేత్రంలో పదో వరసలో కూర్చున్న మనిషికి నీ చెవి కనబడాలంటే జుమకా పిడికెడుండాలి, రాయి దట్టంగా ఎర్రగా ఉండాలి, కింద ముత్యాలు ఊగాలి. ఆ దూరం ఎంత తక్కువన్నా 30 అడుగులు. ఆఫీసులో నీ పక్క కుర్చీ 3 అడుగులు. 30 అడుగుల కోసం చేసిన వస్తువు 3 అడుగుల్లో కూర్చుంటే, చెవిలో మైకు పెట్టి మాట్లాడినట్టుంటుంది. బట్టలకైనా, కాటుకకైనా ఇదే లెక్క. కింది ఉత్తరాల్లో కూడా మళ్ళీ మళ్ళీ ఇదే చెబుతాను, విసుక్కోకండి.

ఇప్పుడు నీ డబ్బా తెరుద్దాం. జుమకాలు పెట్టుకో, మెడ బోసిగా వదిలెయ్. బరువుకి తమ్మెలు సాగుతుంటే చెంపసరాలు కూడా తగిలించుకో. చెంపసరం అలంకారమే అనుకుంటారు గానీ దాని అసలు పని చెవి బరువుని జుట్టు మీదికి పంపడం. పొడుగు హారం నూలు కుర్తా మీద చాలా బాగుంటుంది, ముఖ్యంగా మంగళగిరి లాంటి సన్న అంచు బట్ట మీద. అప్పుడు చెవులకి చిన్న దిద్దులు చాలు. వంకీ కుర్తా చేతి మీద ఎక్కించకు, బీపీ చూసే పట్టీలా ఉంటుంది. పొట్టి చేతుల రవికె వేసిన రోజు నేరుగా చర్మం మీద పెట్టుకో. పాపిడిబిళ్ళ, సూర్యుడు, చంద్రుడు మాత్రం తలకి వద్దు. డాన్సువాళ్ళు దీన్ని హెడ్‌సెట్ అంటారు, మీ ఆఫీసులో ఆ మాటకి వేరే అర్థం ఉంది కదా. కానీ నా దగ్గర జంట పోయిన చంద్రుడొకటి ఉంటే వెనక పిన్ను అతికించి పైట కొంగుకి పెట్టుకుంటున్నాను. అది చూసి ఎవరూ నన్ను ప్రోగ్రామ్ ఎక్కడని అడగలేదు, ఎక్కడ కొన్నారని అడిగారు.

ఒడ్డాణం చీరకట్టు మీదే. కుర్తా మీద కడితే బిల్లబంట్రోతు పటకా అవుతుంది. పైగా డాన్సు ఒడ్డాణం ఫ్యాను (డ్రెస్సు ముందు విచ్చుకునే కుచ్చు గుడ్డ) మడతల మీద బిగించేందుకు చేసింది, కాస్త పెద్దది. మామూలు చీర మీద జారుతుంది. వెనక తాడు రెండంగుళాలు కురచ చేయించు.

నీ సెట్టు ఎక్కడిదో చూసుకో. నాగర్‌కోయిల్ పక్కన వడసేరిలో చేసే అసలు సెట్టు వెండి మీద బంగారు రేకు వేసి కెంపురాళ్ళు పొదిగింది. అదైతే నీ కూతురు కూడా పెట్టుకోవచ్చు. మన బందరు పక్క చిలకలపూడి రోల్డ్‌గోల్డ్ అయితే చెమటకి జాగ్రత్త. సెంటు ముందు కొట్టుకుని అది ఆరాకే నగ పెట్టు. తీశాక పాత మల్లు గుడ్డతో పొడిగా తుడిచి, దూదిలో చుట్టి పెట్టు. నీళ్ళు తగలనియ్యకు. పసుపూ, కుంకుడురసమూ పెట్టి కడిగే మన అలవాటు బంగారానికి, పూతకి కాదు.

ప్రశ్న: జీన్స్ మీద గజ్జెలు కట్టుకుని వీడియో చేశాను. మా గురువుగారు నాతో మాట్లాడటం మానేశారు. అంత తప్పా మేడమ్? ఇప్పుడంతా చేస్తున్నారు కదా.
– డిగ్రీ రెండో సంవత్సరం, తిరుపతి

జవాబు: నగల విషయంలో నేను చాలా ఉదారంగా మాట్లాడాను కదా, ఇక్కడ మాత్రం మీ గురువుగారి పక్కనే కూర్చుంటున్నాను.

గజ్జె నగ కాదమ్మా, వాయిద్యం. వీణని భుజాన తగిలించుకుని బజారుకి వెళ్ళం కదా. అభినయదర్పణమనే పాత నాట్యగ్రంథంలో నందికేశ్వరుడు గజ్జెలకి లక్షణం చెప్పాడు. కంచుతో చేసినవై ఉండాలి, మంచి నాదం పలకాలి, ఒకదానికొకటి అంగుళం ఎడం ఉండాలి, నీలిదారంతో గట్టిగా ముళ్ళు వెయ్యాలి, వందో రెండు వందలో ఉండాలి. అన్ని ముళ్ళు వేసి కట్టుకున్న వస్తువు మాట వినాలంటే కింద అడుగు పడాలి. నీ వీడియోలో పాట పైనుంచి అతికించావు, గజ్జె చప్పుడు వినబడనే లేదు. నాకు నొప్పి అక్కడే కలిగింది, జీన్స్ దగ్గర కాదు.

గజ్జెలు కట్టుకుని చెప్పులు తొడుక్కోవడం కూడా మా ఇళ్ళల్లో లేదు. వీడియో రెండోసారి చూశాను, కాళ్ళకి స్పోర్ట్స్ షూస్ ఉన్నాయి. గురువుగారి దగ్గరికి వెళ్ళి కాళ్ళకి దండం పెట్టు. వివరణలేమీ వద్దు.

చప్పుడు కావాలనిపిస్తే మువ్వల పట్టీలు కొనుక్కో. వెండివి, కాలికి ఐదారు మువ్వలున్నవి. అపార్టుమెంటులో కింద ఫ్లాటు వాళ్ళు కూడా సంతోషిస్తారు.

ప్రశ్న: మా కోడలు భరతనాట్యం టీచరు. డాన్సు క్లాసులో కట్టుకునే కురచ నూలుచీర పైజామా మీద మోకాళ్ళ దాకా కట్టుకుని, నడుం చుట్టూ కొంగు దోపుకుని, స్కూటీ మీద కూరగాయలకి వెళ్తుంది. మొన్న పెళ్ళిచూపులకి కూడా అలాగే తయారైంది. ఇది చీరా, పంట్లామా? మా ఏలూరులో ఇలాంటిది చూడలేదు. మీరైనా చెప్పండి.
– ఒక అత్తగారు, ఏలూరు

జవాబు: వదినగారూ, మీ కోడలు చేతిలో ఉన్నది నాకు తెలిసినంతలో అన్నిటికంటే హాయైన బట్ట. ప్రాక్టీసు చీర. మామూలు చీర కంటే కురచ, కొంగు వేలాడదు, కాలికి అడ్డం రాదు, త్వరగా ఆరుతుంది. స్కూటీ చక్రంలో కొంగు చిక్కుకుని ఏటా ఎంతమంది పడుతున్నారో మీకూ నాకూ తెలుసు.

మీరు ఏలూరులో చూడలేదంటే నేను ఒప్పుకోను. గోచీపోసి చీర కట్టుకుని వరినాట్లు వేసే ఆడవాళ్ళని చూడలేదూ? మీ అమ్మమ్మగారో, ఆవిడ అత్తగారో మడికట్టుకున్నప్పుడు కచ్చ పోసుకోలేదూ? నాట్యం చేసేవాళ్ళు ఆ కట్టునే ఇంట్లోంచి వేదిక మీదికి పట్టుకెళ్ళారు. ఇప్పుడు మీ కోడలు వెనక్కి తెచ్చింది, అంతే.

ఇంకా చెప్పాలంటే, ఇప్పుడు డాన్సు డ్రెస్సు అని మనం పిలిచే కుట్టిన ముక్కల దుస్తులకి నిండా వందేళ్ళు కూడా లేవు. పాతకాలపు నర్తకీమణుల ఫొటోలు చూడండి. కింద పైజామా, దాని మీద అసలు పట్టుచీర, ఇంట్లో పండక్కి కట్టుకునేలాంటిదే. బాలసరస్వతిగారు ఆ పద్ధతిలోనే ఆడారు. 1935లో మద్రాసు అడయారులో నర్తకి రుక్మిణీదేవి అరండేల్ మొదటిసారి నలుగురి ముందు ఆడటం, ఆ మరుసటి ఏడు ఆవిడ నాట్య పాఠశాల కళాక్షేత్ర మొదలవడం, ఆ రోజుల్లోనే ఒక ఇటాలియన్ దుస్తుల నిపుణురాలి సాయంతో డ్రెస్సు కొత్తగా కుట్టించుకోవడం, ఇవన్నీ అయ్యాకే మా దర్జీలకి పని దొరికింది. రుక్మిణీదేవిగారు కళాక్షేత్రలోనే మగ్గాలు పెట్టించి, పాత ఆలయ పద్ధతి అంచులూ రంగులూ మళ్ళీ నేయించారు. అవి నాట్యగత్తెల చీరలుగా మిగిలిపోలేదు. మద్రాసులో లెక్చరర్లూ డాక్టర్లూ పదిలంగా కట్టుకునే కళాక్షేత్ర చీరలయ్యాయి. స్టేజీ మీది రుచి ఇంటికి దిగడమంటే అదీ.

అయితే పెళ్ళిచూపుల మాట మీదే నిజం. పెళ్ళికూతురు ఆమె కాదు కదా, అందరి కళ్ళూ ఆవిడ మోకాళ్ళ మీద ఎందుకు? ఆ ఒక్క రోజుకీ ఆరు గజాలు కట్టుకోమనండి. మిగతా రోజులు కూరగాయల సంచీ ఆవిడే మోస్తోంది గనక కట్టు కూడా ఆవిడిష్టం.

ప్రశ్న: నేను బ్యాంకులో క్యాషియర్‌ని. ఆదివారం ప్రోగ్రామ్ చేస్తే సోమవారం కౌంటర్లో నా వేళ్ళు ఎర్రగానే ఉంటాయి. ఒక కస్టమర్ "ఏసీబీ వాళ్ళు పట్టుకున్నారా మేడమ్" అన్నాడు. పారాణి త్వరగా పోయే మార్గం?
– వి.ఎల్., కర్నూలు

జవాబు: ఆ కస్టమరు గడుసువాడే. లంచం పట్టేటప్పుడు ఏసీబీ వాళ్ళు నోట్లకి పూసే పొడి వల్ల వేళ్ళు ఎర్రబడతాయి కదా, ఆ లెక్క. మా ఇంట్లో రెండు రోజులు నవ్వుకున్నాం.

సీసాలో దొరికే రంగు అయితే ముందుగా గోళ్ళ చుట్టూ కొబ్బరినూనె రాసుకో, గోళ్ళ సందుల్లో పట్టకుండా ఉంటుంది. ప్రోగ్రామ్ అవగానే మళ్ళీ నూనె మర్దనా చేసి సెనగపిండితో రుద్దు. సగం పోతుంది. మిగతా సగం రెండు మూడు రోజుల్లో తనే పోతుంది. బ్లీచింగ్ నీళ్ళు మాత్రం వాడకు. నా శిష్యురాలొకతి వాడి వారం రోజులు అన్నం చెంచాతో తింది. పసుపూ సున్నమూ కలిపి ఇంట్లో చేసుకునే పారాణి ఇంకా తేలిగ్గా వదులుతుంది, కాకపోతే స్టేజీ లైట్ల కింద కాస్త వెలవెలబోతుంది.

కాళ్ళ సంగతి అడగలేదు. కాళ్ళ ఎరుపు ఉంచుకో. కౌంటరు కింద ఎవరూ చూడరు.

ప్రశ్న: మా అమ్మాయికి ఆరో ఏట నుంచి ఇరవై దాకా కుట్టించిన డాన్సు డ్రెస్సులు పదకొండు ఉన్నాయి. అన్నీ పట్టువే. ఇప్పుడు తను డాన్సు మానేసి ఉద్యోగంలో ఉంది. "వాటిని కోసి నాకు మామూలుగా వేసుకునేలా ఏదైనా కుట్టించమ్మా" అంటోంది. కొయ్యడానికి చెయ్యి రావడం లేదు. కోస్తే ఏమవుతాయి?
– ఒక తల్లి, నెల్లూరు

జవాబు: అమ్మా, నాకు ఈ ఉత్తరం చదువుతుంటేనే చేతులు దురద పెట్టాయి. ఇది నా పేట.

ముందు పదకొండూ మంచం మీద పరవండి. ఒక్కోటీ వెలుతురుకేసి ఎత్తి, మడత ఉన్నచోట రెండు చేతులతో మెల్లగా లాగండి. చిట్లిన చప్పుడు వస్తే ఆ పట్టు చచ్చిపోయినట్టే, దాని మీద కుట్టుకూలి దండగ. చెమట పట్టుని లోపల్లోపల తినేస్తుంది. జరీ కూడా నల్లబడుతుంది. రవికెలు చంకల దగ్గరా, పైజామాలు చీలమండ దగ్గరా (గజ్జెలు రాసుకునే చోటు) ముందు పోతాయి. ఆ రెండిటి మీదా ఆశ వదిలెయ్యండి.

బతికి బయటపడేవి ఫ్యాను, పైట ముక్క, వెనక సీటు గుడ్డ. ఒక పట్టుచీరని కోసేటప్పుడు మేం అంచుల్నీ కొంగునీ ముందే లెక్క చూసుకుంటాం. బరువైన కొంగు ఫ్యానుకి పోతుంది, ఎందుకంటే అరమండిలో (మోకాళ్ళు పక్కలకి వంచి సగం కూర్చునే భంగిమలో) ఉన్నప్పుడు అదే విచ్చుకుని కనబడాలి. అంటే మీ చీరల్లో ఖరీదైన భాగమంతా ఆ ఫ్యానుల్లో కుచ్చుగా కూర్చుని ఉంది. కుట్టు విప్పండి. బ్లేడుతో కాదు, సూదిమొనతో. లోపలి మడతల్లో మీరు 15 ఏళ్ళ కిందట కొన్న రంగు అలాగే ఉంటుంది. బయటి వైపు వెలిసి ఉంటుంది. ఆ చారలు ఎంత ఇస్త్రీ చేసినా పోవు. పోగొట్టాలని చూడకండి కూడా. ఆ మడతలు అలాగే ఉంచి కుచ్చుల లంగాకి ముందు పలకగా వాడండి. చిన్న పిల్లలున్న ఇంట్లో అయితే పరికిణీకి అంతకంటే సులువు లేదు, కుచ్చు ముందే పెట్టి ఉంది కదా.

పైట ముక్క మీ అమ్మాయి అడిగినదానికి అచ్చుగా సరిపోతుంది. దాని కుచ్చు విప్పి, వెనక పల్చటి నూలు లైనింగు వేసి, ఏ అంచూ లేని కుర్తా మీద చున్నీలా వేసుకోమనండి. ముదురు వంగపండు రంగుకి ఆవపువ్వు పసుపు, ఆకుపచ్చకి కుంకుమ ఎరుపు. స్టేజీ కోసం ఎంచిన రంగుల జోళ్ళు గాఢంగా ఉంటాయి గనక కింది బట్ట ఎప్పుడూ మౌనంగా ఉండాలి. తెలుపు, బూడిద రంగు, ఉతికిన నీలం. సీటు గుడ్డలు చిన్నవి. వాటితో రవికె చేతులకి పట్టీలు, చేతిసంచులు. నా మిషను పక్కన కత్తిరింపుల పెట్టె ఒకటుంది, అందులోంచి ఏటా పదిహేను సంచులు చేసి పేరంటానికి ఇస్తాను. పోయినేడు ఒకావిడ సంచీ చూసి "ఇది నా రంగప్రవేశం (మొదటి పూర్తి ప్రదర్శన) చీర" అని గుర్తుపట్టింది. నిజమే, ముక్క మిగిలితే దాచాను.

ఇక చెయ్యి రావడం లేదన్నారు. పదకొండూ కొయ్యకండి. ఆరో ఏటిది ఒకటి అలాగే ఉంచండి. ఇంకో రెండు బాగున్నవి చూసి, మీ అమ్మాయి నేర్చుకున్న చోటే, కుట్టించుకోలేని పిల్లలకివ్వండి. మా దగ్గర పైజామాకీ రవికెకీ లోపల రెండంగుళాల గుడ్డ వదిలి కుడతాం, విప్పితే ఇంకో పిల్లకి సరిపోతుంది. మీ దర్జీ కూడా వదిలే ఉంటాడు, చూడండి.

ప్రశ్న: కాలేజీ ఫంక్షన్‌లో మేం ఆరుగురం లంబాడీ డాన్సు చేశాం. అద్దెకి తెచ్చిన అద్దాల జాకెట్ నాకు చాలా నచ్చింది. అలాంటిది కొని జీన్స్ మీద వేసుకుని క్లాసుకెళ్తే మా క్లాసులో తండా నుంచి వచ్చే అమ్మాయి "అది కాస్ట్యూమ్ కాదు" అని మొహం తిప్పుకుంది. నేను తనని ఏమీ అనలేదు. ఎందుకు బాధపడింది?
– ఎం.బి.ఏ. విద్యార్థిని, నిజామాబాదు

జవాబు: ఎందుకంటే నీకు కాస్ట్యూమ్ అయినది వాళ్ళ నాయనమ్మకి సోమవారం. పేట్యా (లంగా), కాంచళి (రవికె), తల మీద టుక్రీ (ముసుగు). ఇవి ఆమె నీళ్ళకి వెళ్ళినప్పుడూ, చేలో పనికి వెళ్ళినప్పుడూ వేసుకున్న బట్టలు. అద్దం, గవ్వ, బిళ్ళ ఒక్కోటీ చేత్తో కుట్టుకున్నవి. చాలా తండాల్లో పిల్లలు బడికొచ్చాక ఆ బట్టలు చూసి తోటివాళ్ళు నవ్వితే మాన్పించేశారు. నవ్విన బట్టనే ఇప్పుడు నువ్వు జీన్స్ మీద వేసుకుంటే మెచ్చుకుంటున్నారు. ఆ పిల్లకి కడుపులో మండదూ?

కూచిపూడి నగ ఇంటికి తెచ్చుకోవడానికీ దీనికీ తేడా అక్కడుంది. నీ జాకెట్ మిషను మీద ప్లాస్టిక్ అద్దాలు అతికించినది అయ్యుంటుంది, అద్దెవన్నీ అంతే. వేసుకోవద్దని నేననను. కానీ ఈసారి కొంటే తండాలో కుట్టే చేతి దగ్గరే కొను, అడిగినంత ఇవ్వు. ఎక్కడ దొరుకుతుందో ఆ అమ్మాయినే అడుగు. మాట కలవడానికి అంతకంటే మంచి దారి నాకు తోచడం లేదు.

ప్రశ్న: నేను మగపిల్లాణ్ణి, 22 ఏళ్ళు, కూచిపూడి కళాకారుణ్ణి. జుట్టు పెంచాను. చెవులకి పోగులు, చేతికి కడియం, కాస్త కాటుక నాకు అలవాటైపోయాయి. బస్సులో, పెళ్ళిళ్ళలో "స్టేజీ దిగలేదా ఇంకా?" అంటారు. మా నాన్నగారికి తలవంపులుగా ఉంది.
– పేరు వద్దన్నారు, కాకినాడ

జవాబు: బాబూ, మీ నాన్నగారి తాతగారి ఫొటో ఇంట్లో ఉందా? ఉంటే తీసి చూపించు. చెవులకి పోగులు ఉంటాయి, వెనక జుట్టుముడి ఉంటుంది, చేతికి వెండి కడియం కూడా ఉండొచ్చు. గోదావరి జిల్లా రైతు అలంకారమంతా అదే. నువ్వు స్టేజీ నుంచి తెచ్చుకున్నావని వాళ్ళనుకుంటున్నారు, నిజానికి ముత్తాత దగ్గర్నుంచి తెచ్చుకున్నావు.

కాటుక దగ్గర మాత్రం 30 అడుగుల లెక్క గుర్తుపెట్టుకో. స్టేజీకి కంటి కొస దాటించి చెంప దాకా లాగుతాం. బయటికి కంటిలోపల ఒక్క గీత. మగవాడివని కాదు, ఆడపిల్లకైనా ఇదే చెబుతాను.

కూచిపూడి ఊళ్ళో నాట్యమాడే కుటుంబాల్లో పుట్టిన ప్రతి మగపిల్లవాడూ జన్మలో ఒక్కసారన్నా సత్యభామ వేషం కట్టాలన్న ఆనవాయితీ నీకు తెలిసే ఉంటుంది. వేదాంతం సత్యనారాయణశర్మగారు భామగా తెర వెనక నుంచి వస్తే ముందు వరసల్లో ఆడవాళ్ళు తమ జడలు సర్దుకునేవాళ్ళు, నేను పక్కనే కూర్చుని చూశాను. 1970లో పద్మశ్రీ ఇచ్చారు ఆయనకి. తలవంపులన్న మాట మీ నాన్నగారు ఇంకోసారి అంటే ఈ సంగతి చెప్పు. గట్టిగా కాదు, అన్నం తినేటప్పుడు.

ప్రశ్న: డాలస్ నుంచి రాస్తున్నాను అక్కా. మా పాప (14) బాలే, కూచిపూడి రెండూ నేర్చుకుంటోంది. బాలే క్లాసు లెగ్ వార్మర్లు, ఫ్లాట్ చెప్పులు వేసుకుని స్కూలుకి వెళ్తుంది. కూచిపూడివి మాత్రం ఒక్కటీ ముట్టుకోదు. బాధగా ఉంది.
– ఒక అమ్మ

జవాబు: బాలే వాళ్ళకి 70 ఏళ్ళు ముందుంది చెల్లీ, పోటీ పెట్టకు. 1956లోనే పారిస్‌లో రెపెటో అనే బాలే బూట్ల సంస్థ, నటి బ్రిజిత్ బార్డో అడిగితే వీధిలో వేసుకునే ఫ్లాట్ చెప్పు చేసిచ్చింది. ఆవిడ స్వయంగా బాలే నేర్చుకున్న మనిషి. అప్పట్నుంచి అది ప్రపంచమంతా నడుస్తోంది, మీ పాప దాన్ని డాన్సు వస్తువని కూడా అనుకోదు. మన వైపు నుంచి మొత్తం సెట్టు ఇచ్చి పెట్టుకోమంటే ఏ పిల్లా పెట్టుకోదు. ఒక జత చిన్న జుమకాలు అద్దం ముందు వదిలేసి మాట్లాడకుండా వెళ్ళిపో.

ప్రశ్న: ఆహార్యం (వేషభూషలు) చతుర్విధ అభినయాల్లో ఒకటి. దాన్ని ఆఫీసులకీ బజార్లకీ ఈడ్చమని మీరు ప్రోత్సహించడం అపచారం. మీవంటి పెద్దలే ఇలా రాస్తే ఎలా?
– విశ్రాంత ఉపాధ్యాయులు, రాజమహేంద్రవరం

జవాబు: మాస్టారూ, నమస్కారం. మీ కోపంలో ప్రేమ ఉందని తెలుసు, కాబట్టి తిట్టినట్టు అనుకోలేదు.

1952లో మిస్ ఇండియాగా మన దేశం తరఫున మిస్ యూనివర్స్ పోటీకి అమెరికా వెళ్ళినామె ఒక నర్తకి, ఇంద్రాణీ రెహమాన్. ఈతదుస్తుల్లో నిలబడిన ఫొటోలో కూడా ఆమె నుదుట బొట్టుంది, తల్లో పూలున్నాయి. ఆ తర్వాత ఆమే మన కూచిపూడిని దేశదేశాలు తిప్పింది. మద్రాసులో నర్తకి చంద్రలేఖగారు తెల్లజుట్టు విరబోసుకుని, పెద్ద బొట్టూ దట్టమైన కాటుకా పెట్టుకుని నేతచీరలో వస్తుంటే, ఆవిడ స్టేజీ ఎక్కుతోందో దిగుతోందో ఎవరూ అడగలేదు. నాట్యం ఒంట్లో ఉన్నవాళ్ళకి ఆ గీత అంత ముదురుగా ఉండదండీ.

అయినా మీకు నాలో ఒక మూల ఒప్పుదల దొరుకుతుంది. భామాకలాపం (సత్యభామ కథ ఆడే కూచిపూడి నాటకం) జడ. సూర్యుడూ చంద్రుడూ నాగరాజూ నక్షత్రాలూ కూర్చిన ఆ జడని భామ తెర మీంచి బయటికి వేసి, అభినయంలో నన్ను ఓడించగలవాళ్ళుంటే రండి అని సవాలు విసిరేది. నా దగ్గర ఒకటుంది. పెళ్ళికూతుళ్ళు అద్దెకడుగుతారు, బాగా డబ్బులిస్తామంటారు. ఇవ్వను. పూలజడ వేసుకోమంటాను, అది మొదట్నుంచీ పెళ్ళికూతురిదే.

మీ ఇంకో మాట, పాతవాళ్ళ మేకప్పే పవిత్రమన్నది, ఒప్పుకోలేను. పాతరోజుల్లో మొహానికి అరదళం పూసేవాళ్ళు. పసుపుపచ్చగా దీపాల వెలుగులో మెరిసేది. అందులో ఉన్నది ఆర్సెనిక్ అనే విషం. మీ మనవరాలికి పవిత్రత పేరు చెప్పి అది మాత్రం పూయించకండి.

ప్రశ్న: ఇన్ని చెబుతున్నారు, మీరెప్పుడన్నా మేకప్‌తో వీధిలోకి వెళ్ళారా?
– కె., గుడివాడ

జవాబు: వెళ్ళాను. 1978. నాకు పదిహేడేళ్ళు. బందరులో ప్రోగ్రామ్ అయ్యేసరికి పది దాటింది. మొహం కడిగితే బస్సు పోతుందన్నారు. నగలు, సవరం జడ, కాటుక, పారాణి అన్నీ అలాగే ఉంచి, గజ్జెలు మాత్రం సంచిలో వేసుకుని మా నాన్నతో విజయవాడ ఆఖరి బస్సెక్కాను. లోపల దీపం ఒకటే వెలుగుతోంది. పామర్రు దాటాక చివరి సీట్లో నిద్రపోతున్న ముసలమ్మ కళ్ళు తెరిచి, ముందు తలుపు దగ్గర నిలబడ్డ నన్ను చూసింది. గబుక్కున లేచి కూర్చుని రెండు చేతులూ జోడించింది. పెదాలు కదులుతున్నాయి, ఏదో అడుగుతోంది. నేను బిగుసుకుపోయాను.

ఉయ్యూరులో బస్సు ఆగింది. ఆవిడ దిగడానికి నడుచుకుంటూ నా దగ్గరికొచ్చింది. ఆగింది. మొహంలోకి చూసింది. జడ చేతిలోకి తీసుకుని, బరువు చూసి, కొసకంటా తడిమి,

"సవరమా? ఎంతకి కొన్నావే పిల్లా?" అంది.